మాల్టాలో వారం: ఏం చూడాలి, ఎలా తిరగాలి, ఏది వదిలేయాలి

మధ్యధరా సముద్రంలోని దీవుల దేశం మాల్టా మ్యాప్ చూడగానే ఎవరికైనా "ఇంతేనా" అనిపిస్తుంది. పెద్ద దీవి ఈ కొస నుంచి ఆ కొసకి 27 కిలోమీటర్లు, గోజో, కొమీనో అనే చిన్న దీవులు కలుపుకుని దేశం మొత్తం 316 చదరపు కిలోమీటర్లు. దాంతో రోజుకి ఐదారు చోట్లు రాసేసుకుని బయల్దేరతారు, రెండో రోజు మధ్యాహ్నానికల్లా ఏదో బస్ స్టాపులో ఎండకి మాడిపోతూ, నిండిపోయిన బస్సు ఇంకోటి ఆగకుండా వెళ్లిపోతుంటే చూస్తూ నిలబడతారు. ఇక్కడ కిలోమీటర్ల లెక్క పనిచేయదు. రోజుకి ఒక మూల పెట్టుకోండి, ఏ రోజు ఏ మూలకన్నది గాలిని బట్టి తేల్చుకోండి. ఈ రెండూ పాటిస్తే చాలావరకు టెన్షన్ ఉండదు.

గాలి సంగతి ఏంటంటే, ఇక్కడ ఎక్కువగా వీచేది వాయవ్యం నుంచి వచ్చే గాలి, దాన్ని అక్కడివాళ్లు మయ్యిస్త్రాల్ అంటారు. అది గట్టిగా వీచిన రోజు పడమటి వైపు బీచ్‌లలో, అంటే గోల్డెన్ బే, ఐన్ తుఫీహా లాంటి చోట్ల, అలలు లేస్తాయి, లోపలికి లాగే ప్రవాహాలు కూడా ఉంటాయి. ఆ రోజు ఆగ్నేయం వైపు మార్సాష్‌లోక్‌కి పోతే నీళ్లు చాలావరకు నెమ్మదిగానే ఉంటాయి. గాలి తూర్పు నుంచో ఈశాన్యం నుంచో ఉంటే దీనికి రివర్స్, పడమటికి వెళ్లిపోండి. రాత్రి పడుకునే ముందు ఫోన్‌లో మర్నాటి గాలి ఎటు నుంచో ఒకసారి చూసుకోవడం, పొద్దున దాన్ని బట్టి ప్లాన్ అటూ ఇటూ మార్చుకోవడం, అంతే పని. దీవి చిన్నదైనందుకు మనకి దొరికే అసలు లాభం ఇదే, ఒకవైపు సముద్రం బాగోకపోతే రెండోవైపు ఎలాగూ దగ్గర్లోనే ఉంటుంది.

వెళ్లడానికి మంచి కాలం ఏప్రిల్ నుంచి జూన్ మధ్య దాకా, మళ్లీ సెప్టెంబరు, అక్టోబరు. ఈత ముఖ్యం అనుకుంటే సెప్టెంబరే, ఎందుకంటే వేసవంతా వేడెక్కిన నీళ్లు అప్పటికింకా చల్లబడవు, జనం మాత్రం తగ్గుతారు. జులై, ఆగస్టుల్లో 30 డిగ్రీలు దాటిన ఎండ, చెట్టు నీడ తక్కువ, రాయి వేడి ఎక్కువ. గుళ్లూ కోటలూ చూడాలని వచ్చేవాళ్లు ఆ రెండు నెలలూ తప్పించుకోవడం మేలు.

వీసా షెంగెన్‌దే, యూరోలే నడుస్తాయి. ఇంగ్లిష్ కూడా అధికార భాషే కాబట్టి మాటల ఇబ్బంది లేదు. ప్లగ్గులు మాత్రం మిగతా యూరప్‌లోవి కావు, బ్రిటన్‌లో వాడే మూడు చదరపు పిన్నులవి, అడాప్టర్ అది తీసుకెళ్లండి. బండ్లు ఎడమవైపే నడుపుతారు. ఇంకో చిన్న విషయం, బస్సు బోర్డుల మీద ఊరి పేర్లలో ఎక్స్ అక్షరం కనిపిస్తే "ష" అని చదువుకోండి, లేకపోతే డ్రైవర్‌ని అడిగినా మీరు ఏ ఊరు అంటున్నారో ఆయనకి అర్థం కాదు.

ఎక్కడ దిగాలి

మొదటిసారి వెళ్లేవాళ్లకి స్లీమా సుఖం. బస్సులున్నాయి, తిండికి లోటు లేదు, రాజధాని వాలెట్టాకి పడవలో పది నిమిషాలు. అందం కావాలంటే వాలెట్టాలోనే గది తీసుకోండి, కాకపోతే మెట్లు, ఎత్తుపల్లాలు, పెద్ద సూట్‌కేసు ఉంటే చేతులు పడిపోతాయి. నాకైతే వాలెట్టాకి ఎదురుగా రేవు అవతల ఉన్న బిర్గు ఇష్టం, సాయంత్రం టూరిస్టులు వెళ్లిపోయాక వీధుల్లో ఊరివాళ్లే మిగులుతారు. పాచవిల్ వైపు గది చౌకగా దొరికిందని మాత్రం ఎగబడకండి, అది రాత్రంతా క్లబ్బులు మోగే పేట, మీరు వచ్చిందే దానికోసమైతే వేరే మాట.

తిరగడానికి బస్సు చాలు. వేసవిలో టికెట్ రెండున్నర యూరోలు, దాంతో రెండు గంటల్లోపు ఎన్ని బస్సులైనా మారొచ్చు. చాలా రూట్లు వాలెట్టా గేటు బయట ఉన్న స్టాండు నుంచే బయల్దేరతాయి కాబట్టి సీటు దొరకాలంటే అక్కడ ఎక్కడమే మంచిది. మధ్యలో స్టాపులో ఉంటే బస్సు కనపడగానే చెయ్యెత్తాలి, ఊరికే నిలబడితే ఆగదు. పది కిలోమీటర్లకి గంట పట్టిందంటే ఆశ్చర్యపోకండి. కారు అద్దెకు తీసుకోవాలనుకుంటే గోజోలో తీసుకోండి, పెద్ద దీవిలో పార్కింగ్ వెతుక్కునే బాధ ఎవరూ పడలేరు.

వాలెట్టాకి ఒక పూర్తి రోజు, తర్వాత ఇంకో పూట

1565లో ఒట్టోమన్ సైన్యం ముట్టడించి వెనుదిరిగాక, ఆ మరుసటి ఏడు అప్పట్లో మాల్టాని ఏలిన క్రైస్తవ యోధుల సంఘం, సెయింట్ జాన్ నైట్లు, కొత్తగా కట్టుకోవడం మొదలుపెట్టిన ఊరు ఇది. గీత గీసినట్టు తిన్నని వీధులు, ఏ వీధి చివర చూసినా సముద్రం, గోడలకి రంగురంగుల చెక్క బాల్కనీలు. పొద్దున్నే సెయింట్ జాన్స్ కో-కెథడ్రల్ అనే పెద్ద చర్చికి వెళ్లండి. బయట నుంచి చూస్తే సాదా కోట గోడ అనిపిస్తుంది, లోపల అడుగు పెట్టాక ఖాళీగా ఉన్న గోడ జానెడు కూడా కనపడదు, అంతా చెక్కడం, బంగారు పూత. నేల మొత్తం నైట్ల సమాధుల పలకలే, రంగు చలువరాళ్లతో అస్థిపంజరాలు, గంటలు, కిరీటాలు పొదిగి ఉంటాయి. అందుకే సన్నటి హీల్స్ వేసుకుంటే లోపలికి రానివ్వరు. భుజాలు, మోకాళ్లు కప్పే బట్టలు ఉండాలి. ఆదివారం సందర్శకులకి తెరవరు, ఇది చూసుకోకుండా వచ్చి తలుపు దగ్గర ఉసూరుమనేవాళ్లు చాలామంది.

అక్కడ ఆడియో గైడ్ చెప్పేదంతా వినకపోయినా ఫరవాలేదు కానీ ఒరేటరీ అనే గదిలో మాత్రం ఓ అరగంట కూర్చోండి. ఇటలీ చిత్రకారుడు కారవాజియో 1608లో గీసిన సెయింట్ జాన్ శిరచ్ఛేదం చిత్రం అక్కడ గోడ నిండా ఉంటుంది. దగ్గరికి వెళ్లి కింద భాగం చూడండి, తెగిన మెడ నుంచి కారి నేల మీద పరుచుకున్న ఆ ఎర్రటి రక్తంలోనే తన పేరు రాసుకున్నాడు. ఆయన సంతకం ఉన్న బొమ్మ ఇదొక్కటే. ఇంకా విచిత్రం ఏంటంటే, నైట్ బిరుదు పుచ్చుకున్న కొన్నాళ్లకే గొడవల్లో ఇరుక్కుని, సెయింట్ యాంజెలో కోటలో ఖైదై, అక్కడి నుంచి తప్పించుకు పారిపోయాడు. నైట్లు ఆయన్ని వెలివేసిన సభ ఇదే గదిలో, ఆయన గీసిన ఈ బొమ్మ ముందే జరిగింది.

పన్నెండు కొట్టే లోపు అప్పర్ బరాక్కా తోటకి చేరుకోండి. కింద వరసగా ఉన్న ఫిరంగుల్లో ఒకటి మధ్యాహ్నం పన్నెండుకీ మళ్లీ నాలుగుకీ పేలుస్తారు. పై తోటలో నుంచి చూడ్డానికి టికెట్ అక్కర్లేదు, కింద ఫిరంగుల దగ్గరికి వెళ్లాలంటేనే డబ్బులు. ముందు వరస కావాలంటే ఓ ఇరవై నిమిషాల ముందే కమ్మీ పట్టుకుని నిలబడాలి. అయిపోగానే జనం అంతా కాఫీల మీద పడతారు, మీరు పక్కనే ఉన్న 58 మీటర్ల లిఫ్టులో కిందికి దిగిపోయి, రేవు దగ్గర పడవ ఎక్కి అవతలి ఒడ్డున బిర్గుకి వెళ్లండి. ఫెర్రీ ఉంది, చిన్న సంప్రదాయ చెక్క పడవలు కూడా ఉన్నాయి, కొద్దిపాటి డబ్బుకే దాటిస్తారు. చెక్క పడవే ఎక్కండి, నీటి మట్టం నుంచి ఆ కోట గోడల ఎత్తు చూస్తే 1565 కథ పుస్తకాలు చదవకుండానే అర్థమవుతుంది.

రాతియుగపు గుళ్లు

హైపోజియం చూడాలనుంటే ఫ్లైట్ టికెట్ తర్వాత చేయాల్సిన మొదటి బుకింగ్ అదే, హోటల్ కంటే ముందు. పావ్లా అనే ఊళ్లో ఇళ్ల కింద, రాతిని తొలిచి మూడు అంతస్తులుగా చేసిన భూగర్భ శ్మశానం ఇది, 1902లో ఇంటి పనులు చేస్తుంటే బయటపడింది. మనుషుల ఊపిరి తేమకి గోడల మీది ఎర్ర రంగు బొమ్మలు పాడవుతాయని ఒక్కో విడతకి పదిమందినే పంపిస్తారు, రోజు మొత్తం మీద ఎనభై మందే. టికెట్లు వారాల ముందు, వేసవిలో అయితే నెలల ముందు అయిపోతాయి. ఆఖరి నిమిషంలో అమ్మే టికెట్లు కొన్ని ఉంటాయి కానీ వాటిని నమ్ముకోవద్దు. ఫొటోలు తీయనివ్వరు, మరీ చిన్నపిల్లల్ని రానివ్వరు. దొరక్కపోతే మరీ బాధపడకండి, అక్కడ దొరికిన నిద్రపోతున్న స్త్రీ బొమ్మ వాలెట్టాలోని ఆర్కియాలజీ మ్యూజియంలో ఉంది. అరచేతిలో పట్టేంత మట్టి బొమ్మ, పక్కకి తిరిగి తల కింద చెయ్యి పెట్టుకుని పడుకుని ఉంటుంది, వేల ఏళ్లయినా ఆ చేతి మెత్తదనం పోలేదు.

బయట ఉన్న గుళ్లలో హజార్ ఈమ్, ఎమ్‌నైద్రా పక్కపక్కనే దక్షిణ తీరం కొండ మీద ఉంటాయి. ఎండకీ వానకీ రాయి రాలిపోతోందని పైన పెద్ద టెంటులు వేశారు, ఫొటోలకి అవి అడ్డమే గానీ లేకపోతే మన తలలే మాడతాయి. ఎమ్‌నైద్రాలో ఒక గుడి వాకిలి గుండా మార్చి, సెప్టెంబరుల్లో పగలూ రాత్రీ సమానంగా ఉండే విషువత్తుల రోజున సూర్యోదయం కిరణం నేరుగా లోపలికి పడేలా కట్టారు. ఆ రెండింటి మధ్య నడిచే దారిలో నీడ ఉండదు, నీళ్ల సీసా మర్చిపోకండి. ఇదే మూలలో బ్లూ గ్రోట్టో అనే సముద్రపు గుహలు ఉన్నాయి కాబట్టి రెండూ ఒకే పూటకి పెట్టుకోండి, ముందు పడవ, తర్వాత గుళ్లు. గుహల్లోకి పొద్దుటి ఎండ పడినప్పుడే ఆ నీలం రంగు వెలుగుతుంది, మధ్యాహ్నం వెళితే మామూలు గుహే. సముద్రం కాస్త లేచినా పడవలు ఆపేస్తారు, అందుకే గాలి చూసుకోమన్నది.

ఎమ్‌దీనా అనే పాత రాజధానికి మధ్యాహ్నం వెళ్లకండి. గోడల మధ్య ఇరుకు సందుల్లో టూర్ గ్రూపుల మధ్య నలిగిపోతారు. ముందు పక్కనే ఉన్న రబాత్‌లో సెయింట్ పాల్ కాటకూంబ్స్ అనే భూగర్భ సమాధులు చూసి, పొద్దువాలే వేళకి డింగ్లీ కొండ అంచుకి పోయి, చీకటి పడ్డాక ఎమ్‌దీనాలోకి రండి. కాస్త నడవడానికి ఓపిక ఉండి ఆఖరి బస్సు ఎన్నింటికో ముందే కనుక్కుంటే దీవిలో దీన్ని మించిన సాయంత్రం లేదు. దారిలో మోస్తా చర్చి గుమ్మటం కూడా ఆగి చూడొచ్చు, 1942 ఏప్రిల్‌లో లోపల జనం ప్రార్థనలో ఉండగా బాంబు కప్పు పగలగొట్టుకుని నేల మీద పడి పేలకుండా ఉండిపోయింది. అన్నట్టు, ఊళ్లలో చర్చి గోపురాలకి రెండు గడియారాలు కనిపిస్తాయి, రెండింట్లో టైమ్ వేరువేరు. దెయ్యాన్ని గందరగోళపరచడానికని అంటారు. దెయ్యం సంగతి తెలియదు గానీ బస్సు కోసం పరిగెత్తే టూరిస్టు మాత్రం గందరగోళపడటం ఖాయం.

గోజోలో రాత్రి ఉండాల్సిందే

చాలామంది గోజోని ఒక్కరోజు టూరులో కానిచ్చేస్తారు. వద్దు. కనీసం రెండు రాత్రులు ఉండండి. ఉత్తరాన చిర్‌కెవ్వా నుంచి ఫెర్రీ 25 నిమిషాలు, రాత్రీ పగలూ తిరుగుతూనే ఉంటుంది. వెళ్లేటప్పుడు టికెట్ అడగరు, కంగారు పడకుండా ఎక్కేయండి, తిరిగి వచ్చేటప్పుడు గోజో వైపున డబ్బులు కడతారు. వాలెట్టా నుంచి నేరుగా వెళ్లే ఫాస్ట్ ఫెర్రీ వేరు, ముప్పావు గంట పడుతుంది, దానికి రెండువైపులా టికెట్ ఉంటుంది, సముద్రం బాగోకపోతే రద్దు చేస్తారు. వాలెట్టాలో ఉండేవాళ్లకి ఫాస్ట్ ఫెర్రీయే నయం, లేకపోతే చిర్‌కెవ్వా దాకా బస్సులోనే గంటకి పైగా కూర్చోవాలి.

గోజోలో ముఖ్య పట్టణం విక్టోరియా మధ్యలో ఉన్న సిటాడెల్ అనే కోట గోడల మీద చుట్టూ తిరిగితే దీవి మొత్తం కనపడుతుంది, మిగతా రోజులు ఎటు వెళ్లాలో అక్కడే తేల్చుకోవచ్చు. షారా ఊళ్లో జిగాన్తియా గుళ్లు ఈజిప్టు పిరమిడ్ల కంటే పాతవి, దాదాపు 5,600 ఏళ్లవి. రాళ్ల సైజు చూసి ఒక రాక్షసి మోసుకొచ్చి కట్టిందని ఊళ్లో కథ చెప్పుకునేవారు, ఆ రాళ్ల పక్కన నిలబడితే ఆ కథే నమ్మబుద్ధేస్తుంది.

ద్వేరా తీరం గురించి ఒక హెచ్చరిక. పాత పోస్టుల్లో, పోస్టుకార్డుల్లో కనిపించే అజ్యూర్ విండో అనే రాతి తోరణం 2017 మార్చి 8న తుఫానుకి సముద్రంలో కూలిపోయింది. అది చూద్దామని వెళ్లేవాళ్లు ఇంకా ఉన్నారు. తోరణం లేకపోయినా ద్వేరా వదలొద్దు. లోపలి చెరువులాంటి ఇన్‌లాండ్ సీ నుంచి కొండలోని సొరంగం గుండా చిన్న పడవలో బయటి సముద్రంలోకి తీసుకెళ్తారు. డైవింగ్ వచ్చినవాళ్లకి పక్కనే బ్లూ హోల్ అనే లోతైన నీటి గుంట ఉంది. ఏదీ చేయకపోయినా కాళ్ల కింది రాతిని చూస్తూ నడవండి, నాణేల్లా గుండ్రంగా, పైన పువ్వు రేకుల గీతలతో సముద్రపు జీవుల శిలాజాలు రాతిలో అతుక్కుని కనిపిస్తాయి. పెకలించడానికి ప్రయత్నించొద్దు.

ఉత్తర తీరంలో ష్వేనీ దగ్గర ఉప్పు మడులు ఉన్నాయి. మెత్తటి పసుపు రాతిలో గళ్లుగళ్లుగా తొలిచిన గుంటలు, వేసవిలో ఇప్పటికీ కొన్ని కుటుంబాలు ఆ నీళ్లు ఎండగట్టి ఉప్పు ఊడ్చి తీస్తాయి. ఫొటో కోసం మడుల్లోకి దిగకండి, అది వాళ్లు తినే, అమ్మే ఉప్పు. రోడ్డు పక్కనే ప్యాకెట్లు అమ్ముతారు, ఇంటికి తీసుకెళ్లడానికి ఫ్రిజ్ మాగ్నెట్ కంటే అదే నయం. ఈతకి రమ్లా బే, ఎర్రటి ఇసుక, లోతు మెల్లగా పెరుగుతుంది.

కొమీనోలో బ్లూ లగూన్ అనే నీలి నీళ్ల చోటు గురించి నా మాట సూటిగా చెప్తాను, ఫొటోల్లో కనిపించే ఆ రంగు నిజమే, కానీ ఫొటోల్లో కనపడని జనం కూడా నిజమే. రద్దీ తగ్గించడానికి 2025 నుంచి ముందుగా ఆన్‌లైన్‌లో స్లాట్ తీసుకోవాలనే పద్ధతి పెట్టారు, దానికి డబ్బులు లేవు, కానీ లేకుండా వెళ్తే దిగనివ్వరు. జులై, ఆగస్టుల్లో అయితే వదిలేసినా నష్టం లేదు. మే, అక్టోబరుల్లో మొదటి పడవ పట్టుకుని వెళ్లి, జనం పెరగగానే 1618 నాటి సెయింట్ మేరీస్ టవర్ వైపు నడిచి వెళ్లిపోండి. దీవిలో నీడ ఉండదని మళ్లీ చెప్పక్కర్లేదనుకుంటా.

ఈత, తిండి, మిగతావి

మాల్టా తీరం ఎక్కువగా రాయే, ఇసుక తక్కువ. రబ్బరు అడుగు ఉన్న నీటి చెప్పులు తప్పకుండా కొనుక్కోండి, రాళ్ల సందుల్లో సముద్రపు ముళ్లకాయలు (ఒళ్లంతా ముళ్లుండే సీ అర్చిన్ జీవులు) ఉంటాయి, ఒకటి గుచ్చుకుందంటే రెండు రోజులు నడక పోయినట్టే. పిల్లలతో వెళ్తే మెల్లీహా బే, చాలా దూరం దాకా నడుము లోతే. అందం కోసం అయితే ఐన్ తుఫీహా, రెండొందల దాకా మెట్లు దిగాలి, ఎక్కేటప్పుడు మీకే తెలుస్తుంది. రాళ్ల మీంచి దూకే సరదా ఉన్నవాళ్లు సెయింట్ పీటర్స్ పూల్‌కి వెళ్తారు, కింద లోతు చూసుకోకుండా దూకొద్దు. ఎర్ర జెండా ఎగిరితే ఎంత ఈత వచ్చినా దిగకండి. నీళ్లలోకి వెళ్లే ముందు అప్పటికే లోపల ఉన్నవాళ్లని జెల్లీఫిష్ ఉన్నాయా అని అడగండి, దీనికి యాప్‌లు అక్కర్లేదు.

మార్సాష్‌లోక్‌కి ఆదివారం చేపల సంత కోసం వెళ్లమని అందరూ చెప్తారు. నేను మామూలు రోజు వెళ్లమంటాను. ఆదివారం చేపల కంటే టీషర్టుల దుకాణాలే ఎక్కువ, వచ్చే బస్సులన్నీ నిండే ఉంటాయి. మామూలు రోజు పొద్దున్నే రేవు పక్కన కూర్చుంటే వలలు బాగుచేసుకునేవాళ్లు, పసుపు, నీలం, ఎరుపు రంగుల పడవలు, ఒక్కో పడవ ముందు భాగానికి అటూ ఇటూ చెక్కిన కళ్లు కనపడతాయి. సముద్రంలో కీడు నుంచి కాపాడతాయని ఆ కళ్లు పెడతారు, ఏటా రంగులు వేస్తూ ఉంటారు కాబట్టి ఎప్పుడూ కొత్తగానే చూస్తుంటాయి.

తిండిలో మొదటగా పాస్తిజ్జి. పొరలు పొరలుగా ఉండే కరకరలాడే పిండి లోపల రికొట్టా జున్నో, ముద్ద చేసిన బఠానీయో పెడతారు. మధ్యలో నోరు తెరుచుకుని ఉంటే జున్నుది, మూసుకుని ఉంటే బఠానీది. వేడిగా ఉన్నప్పుడే, నిలబడి, కాగితం చేత్తో పట్టుకుని తినాలి, చల్లారితే నూనె తేలుతుంది. శాకాహారులు పిండిలో జంతువుల కొవ్వు వాడారేమో అడగాలి, కొన్నిచోట్ల వాడతారు. ఫ్తీరా అనే గుండ్రటి రొట్టెలో ట్యూనా, టమాటా, ఆలివ్‌లు, కేపర్లు (ఊరబెట్టిన మొగ్గలు) కూరి ఇస్తారు, ట్యూనా వద్దంటే తీసేస్తారు. చిక్కుడు గింజల ముద్ద బిగిల్లా, గొర్రెపాలతోనో మేకపాలతోనో చేసే గోజో జున్ను, వంకాయల కపునాతా ఉన్నాయి కాబట్టి మాంసం తినకపోయినా పస్తులుండరు. తినేవాళ్లకి కుందేలు కూర ఇక్కడి పెద్ద వంట, శరదృతువులో లంపూకీ చేప. కిన్నీ అనే చేదు నారింజ డ్రింకు మొదటి గుక్కకి ఎవరికీ నచ్చదు, రెండో సీసా మాత్రం అడిగి తెప్పించుకుంటారు.

వేసవి వారాంతాల్లో ఏదో ఒక ఊళ్లో ఫెస్తా ఉంటుంది, ఊరి సెయింట్ పండగ. బ్యాండు మేళం, వీధుల్లో జెండాలు, రాత్రి బాణసంచా. టికెట్ లేదు, పిలుపు అక్కర్లేదు, వెళ్లి జనంలో కలిసిపోవడమే. కాకపోతే పొద్దున్నుంచే గుండె అదిరేలా పటాసులు పేలుస్తారు, నిద్ర పలచగా ఉండేవాళ్లు ఆ ఊళ్లో గది తీసుకోకండి. ఆగస్టు 15 చుట్టూ మాల్టావాళ్లంతా గోజోకి తరలిపోతారు, ఆ రోజుల్లో ఫెర్రీ దగ్గర కార్ల వరస చూస్తే వెనక్కి తిరిగిపోవాలనిపిస్తుంది.

ఆఖరి రోజు ఫ్లైట్ రాత్రికైతే దూరాలు పెట్టుకోకండి. ఎయిర్‌పోర్ట్‌కి దగ్గర్లో బిర్జెబ్బూజాలో ప్రెట్టీ బే అనే ఇసుక బీచ్ ఉంది, ఎదురుగా ఓడరేవు క్రేన్లు కనపడతాయి కాబట్టి అందమైన చోటు అని చెప్పను, కానీ టూరిస్టులు తక్కువ, నీళ్లు నెమ్మదిగా ఉంటాయి. తడి బట్టలకి ఒక ప్లాస్టిక్ సంచి విడిగా పెట్టుకోండి, ట్రాఫిక్‌కి గంట ఎక్కువ వేసుకోండి.